రేడియాలజీలో ఉద్యోగాలకు ఢోకా లేదు, పక్కన కూర్చుని నేర్పేవాళ్లకే కరువు

సంపాదకులకు నమస్కారం.

మీ కెరీర్ పేజీలో రేడియాలజీ మీద వచ్చిన వ్యాసం చదివాను. సగం వ్యాసం 'కంప్యూటర్ వచ్చి ఈ ఉద్యోగాలన్నీ ఊడ్చేస్తుంది' అని భయపెట్టింది. మిగతా సగం 'రోగులతో తలనొప్పి లేదు, ఇంట్లో కూర్చుని పని, చేతినిండా జీతం' అని ఊరించింది. రెండూ ఒకే పేజీలో ఎలా ఇమిడాయో గానీ, మా తోడికోడలి కూతురు మాత్రం దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పంపి, 'పెద్దమ్మా, ఈ బ్రాంచి తీసుకోనా, వద్దా? రెండు ముక్కల్లో చెప్పు' అని అడిగింది. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదది. ఇదే ప్రశ్న మనసులో పెట్టుకున్న పిల్లలు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి జవాబు మీకే రాస్తున్నాను.

నేను లైట్ బాక్స్ మీద ఫిల్ములు తగిలించి చదివే రోజుల్లో ఈ వృత్తిలోకి వచ్చాను. ఆస్పత్రిలో చేశాను. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు ఇంట్లోంచే టెలీరేడియాలజీ (ఎక్కడో తీసిన స్కాన్లను కంప్యూటర్‌లో చదివి రిపోర్టు పంపడం) రాత్రి డ్యూటీలు చేశాను. మళ్లీ ఆస్పత్రికొచ్చి జూనియర్లకు నేర్పే పనిలో పడ్డాను. ఇప్పటికీ వారంలో కొన్ని రాత్రులు ఇంటి నుంచి రిపోర్టులు రాస్తుంటాను. కనుక నేను చెప్పేది ఒడ్డున కూర్చుని చెప్పే మాట కాదు.

ముందుగా ఒక చిన్న సవరణ. వ్యాసం పక్కన వేసిన ఫొటోలో సీటీ గది బయట కూర్చుని మీట నొక్కుతున్న మనిషి రేడియాలజిస్టు కాదు, టెక్నాలజిస్టు. స్కాన్ తీసేది వాళ్లు. తీసిన దాన్ని చదివి, అందులో ఏముందో, ఏం లేదో రాసి, కింద సంతకం పెట్టేది మేం. మా చుట్టాల్లో సగం మంది నేను ఎక్స్‌రేలు 'తీస్తాను' అనే ఇప్పటికీ అనుకుంటారు. అది వేరే బాధ, వదిలేయండి.

ఇక కంప్యూటర్ భయం. ఇది కొత్తదేం కాదు. 2016లో జెఫ్రీ హింటన్ టొరంటోలో ఒక సభలో మాట్లాడుతూ, రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇప్పుడే ఆపేయాలని అన్నారు. అయిదేళ్లలో, మహా అయితే పదేళ్లలో, యంత్రం వాళ్లకంటే బాగా చదువుతుందన్నది ఆయన లెక్క. అన్నది ఎవరో దారిన పోయే దానయ్య కాదు. ఇప్పటి ఏఐ వెనకున్న డీప్ లెర్నింగ్ అనే పద్ధతికి పునాది వేసినవాళ్లలో ఒకరు, 2024లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్నవారు. అందుకే ఆ మాట అంత గట్టిగా తగిలింది. అప్పట్లో మా దగ్గర చదువుతున్న పిల్లల ముఖాలు నాకింకా గుర్తే. వాళ్లలో ఒకబ్బాయి బ్రాంచి మారిపోతానని దరఖాస్తు కూడా రాసుకున్నాడు. ఎవరు చెప్పినా వినలేదు, చివరికి వాళ్లమ్మ చెబితే విన్నాడు. ఇప్పుడతను సీనియర్ కన్సల్టెంటు, సెలవు దొరక్క సతమతమవుతున్నాడు.

ఆ మాట అన్నాక జరిగిందేమిటంటే, అమెరికాలో మేయో క్లినిక్ అనే పెద్ద ఆస్పత్రి ఉంది కదా, ఏఐని అందరికంటే ముందు వాడుకలోకి తెచ్చినవాళ్లలో వాళ్లొకరు. అక్కడ రేడియాలజిస్టుల సంఖ్య 2016తో పోలిస్తే 2025 నాటికి 55 శాతం పెరిగి 400 దాటింది. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ రేడియాలజిస్ట్స్ వేసిన 2023 లెక్క ప్రకారం అక్కడ అవసరానికి 30 శాతం మంది కన్సల్టెంట్లు తక్కువ. హింటన్ గారు కూడా 2025లో, తాను మరీ అందరికీ వర్తించేలా మాట్లాడానని, తన ఉద్దేశం బొమ్మను విశ్లేషించడం వరకేనని, కాలం లెక్క తప్పినా దిశ తప్పలేదని వివరణ ఇచ్చుకున్నారు. దిశ విషయంలో నేనూ ఆయనతో గొడవ పెట్టుకోను.

సాఫ్ట్‌వేర్ రాలేదా అంటే, దండిగా వచ్చింది. అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఒప్పుకున్న ఏఐ వైద్య పరికరాలు 2024 ముగిసేసరికి వెయ్యి దాటాయి. వాటిలో దాదాపు నాలుగింట మూడు వంతులు మా శాఖవే. ఇన్ని వచ్చినా మనుషులు చాలకపోవడానికి కారణం, పని అంతకంటే వేగంగా పెరగడం. ఒకప్పుడు డాక్టరు చేత్తో నొక్కి చూసి తేల్చిన కడుపు నొప్పికి ఇప్పుడు ముందే సీటీ రాస్తున్నారు. ఆ సీటీలో కూడా, నేను చేరినప్పుడు ఒక పొట్ట స్కాన్ అంటే కొన్ని ఫిల్ములు. ఇప్పుడు వందల బొమ్మలు, కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసే దశలన్నీ కలిపితే వెయ్యి దాటడమూ మామూలే. మేయో క్లినిక్ వాళ్లే 1999 నుంచి 2010 వరకు తమ పనిభారం లెక్కగట్టి 2015లో ప్రచురించారు. ఎనిమిది గంటల డ్యూటీలో ఒక రేడియాలజిస్టు మూడు నాలుగు సెకన్లకొక బొమ్మ చూస్తేనే పని తెమిలే పరిస్థితి వచ్చిందని అందులో తేలింది. 2010 నాటి మాట అది. ఆ తర్వాత తగ్గిందని చెప్పిన రేడియాలజిస్టు నాకింతవరకు తారసపడలేదు.

ఇంకో పాత ముచ్చట కూడా కుర్రవాళ్లు తెలుసుకోవాలి. మామోగ్రఫీలో, అంటే రొమ్ము ఎక్స్‌రేలో, అనుమానం ఉన్న చోట గుర్తు పెట్టే సాఫ్ట్‌వేర్‌కు అమెరికాలో 1998లోనే అనుమతి వచ్చింది. ఆస్పత్రులన్నీ ఎగబడి పెట్టుకున్నాయి. దాన్ని వాడినందుకు బీమా డబ్బు కూడా అదనంగా వచ్చేది. 2015లో లక్షల మామోగ్రామ్‌లు కూర్చి లెక్క చూస్తే, దానివల్ల క్యాన్సర్‌ను పట్టడం ఏమీ మెరుగుపడలేదని తేలింది. మేం చేసింది మాత్రం అది పెట్టిన గుర్తులను ఒక్కొక్కటే చూసి కొట్టేయడం. ఇప్పటి ఏఐ దానికంటే ఎంతో మెరుగు, ఒప్పుకుంటాను. స్వీడన్‌లో 80 వేల మంది మహిళలతో చేసిన మసాయ్ పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. ఇద్దరు డాక్టర్లు చదవాల్సిన మామోగ్రామ్‌లను ఏఐ ముందుగా వడపోసి ఇస్తే, చదివే పని 44 శాతం తగ్గింది. క్యాన్సర్లు దొరకడం మాత్రం తగ్గలేదు. అలాంటిది వస్తే ఎదురెళ్లి స్వాగతం చెబుతాను.

కాబట్టి ఉద్యోగాలు పోతాయన్న భయం పెట్టుకోవద్దు. అలాగని మీ వ్యాసం రెండో సగం చదివి గాల్లో తేలనూ వద్దు. ఈ రంగంలో ఉద్యోగాలకు ఆటూపోటూ రెండూ ఉన్నాయి. అమెరికాలో 2008 ఆర్థిక సంక్షోభం తర్వాత పెద్దవాళ్లు రిటైర్మెంటు వాయిదా వేసుకున్నారు. అంతకు ముందే స్కాన్లకిచ్చే డబ్బు కోతపడింది. చదువు ముగించిన పిల్లలు ఉద్యోగం దొరక్క ఒక ఫెలోషిప్ మీద ఇంకో ఫెలోషిప్ చేస్తూ కాలక్షేపం చేశారు. 2015 నాటికి అక్కడ రేడియాలజీ సీట్లు మిగిలిపోయే దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడు ధైర్యం చేసి చేరినవాళ్లు చదువు పూర్తి చేసేసరికి రండి రండి అని పిలిచి ఉద్యోగాలిచ్చారు. చేరే ఏడాది మార్కెట్ వేరు, చదువు ముగించి బయటికొచ్చే ఏడాది మార్కెట్ వేరు. మధ్యలో ఏమవుతుందో చెప్పగలిగినవాణ్ని నేనింకా చూడలేదు. చెప్పిన హింటన్ గారి సంగతి పైన రాశాను కదా.

నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. మీ వ్యాసంలో దాని ఊసే లేదు.

ఫిల్ముల కాలంలో మా రీడింగ్ రూమ్ ఎప్పుడూ సందడిగా ఉండేది. సర్జన్లు ఫిల్ము చంకలో పెట్టుకుని వచ్చేవాళ్లు. 'అమ్మా, రేపు పొద్దున కోస్తున్నాను, ఇది రక్తనాళానికి అంటుకుని ఉందా లేదా, ఖచ్చితంగా చెప్పు' అని నిలబడేవాళ్లు. అటు ఆయనకు తెలిసింది మాకు, ఇటు మాకు కనబడింది ఆయనకు, నోటి మాటగా తెలిసిపోయేది. పక్కన నిలబడ్డ జూనియర్ అడక్కుండానే సగం వైద్యం నేర్చుకునేవాడు. స్కాన్లు దాచి పంపే ప్యాక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చాక బొమ్మ ప్రతి డాక్టరు కంప్యూటర్‌లోకి వెళ్లిపోయింది. వెతుక్కునే బాధ తప్పింది, ఫిల్ములు పోయాయన్న గోల తప్పింది. దాంతో పాటే మా గదికి వచ్చే మనుషులూ తగ్గారు.

తర్వాత టెలీరేడియాలజీ. 2000 తర్వాత అమెరికాలో రాత్రి తీసిన స్కాన్లను సిడ్నీలో, బెంగళూరులో పగటిపూట చదివి పంపడం మొదలైంది. అక్కడి నుంచి అదొక పెద్ద పరిశ్రమైంది. దాన్ని నేను తిట్టను, తిట్టే హక్కు నాకు లేదు. చంటిపిల్లతో ఇంట్లో ఉన్నప్పుడు నా వృత్తి నా చేతిలోంచి జారిపోకుండా నిలబెట్టింది అదే. రేడియాలజిస్టే లేని చిన్న ఆస్పత్రిలో అర్ధరాత్రి తలకు దెబ్బతో వచ్చిన మనిషికి గంటలో రిపోర్టు అందుతోందంటే దాని పుణ్యమే. కోవిడ్ తర్వాత పెద్ద ఆస్పత్రులు కూడా సీనియర్లకు ఇంటి నుంచే చదివే వీలిచ్చాయి. ఇప్పుడు ఉద్యోగ ప్రకటనల్లో ఆ సౌకర్యం లేకపోతే పిల్లలు దరఖాస్తే పెట్టడం లేదు.

చిక్కంతా జీతం లెక్కలో వచ్చింది. ఇంటి నుంచి చదివేవాళ్లకు చాలాచోట్ల కేసుకింత అని కడతారు. ఒక సీటీ అంటే ఒక సీటీ, అంతే. కాలు జారి పడ్డ కుర్రవాడి తల స్కాన్, ఏమీ లేదు, ఒక రేటు. అయిదేళ్లుగా క్యాన్సర్ వైద్యంలో ఉన్న మనిషి పొట్ట స్కాన్, పక్కన పోల్చాల్సిన పాత స్కాన్లు అరడజను, రెండు ఆపరేషన్లు అయ్యాయి, ఏ భాగం తీసేశారో హిస్టరీలో రాయలేదు. ఇదీ దాదాపు అదే రేటు. అర్ధరాత్రి దాటాక వర్క్‌లిస్ట్, అంటే చదవాల్సిన కేసుల వరస, తెరిచి చూడండి, సంగతి అదే చెబుతుంది. తేలిక కేసులు పడ్డ నిమిషంలోనే మాయం. ఈ క్యాన్సర్ కేసు మాత్రం పైనుంచి కిందికి జరుగుతూ, ఎవరూ తెరవకుండా, పక్కన గడియారం ఎర్రబడే దాకా అలాగే పడి ఉంటుంది. తెరిచి, పాత స్కాన్ల సంఖ్య చూసి, మెల్లగా మూసేసి పోయినవాళ్ల పేర్లు కూడా సిస్టంలో కనిపిస్తాయి. వాళ్లను తప్పుబట్టలేం. ఇంటి అప్పు వాళ్లకూ ఉంది.

నేను కొన్నాళ్లు పనిచేసిన ఒక చోట, పేరు ఎందుకులెండి, ప్రతి సోమవారం ఒక మెసేజ్ వచ్చేది. 'గత వారం మీ టర్నరౌండ్ టైమ్ సగటు కంటే ఎక్కువ' అని, అంటే రిపోర్టు ఇవ్వడానికి ఎక్కువసేపు తీసుకుంటున్నానని. ఆ వారం నేను ఎవరి స్కాన్‌లో ఏం పట్టానో, ఏ డాక్టరుకు ఫోన్ చేసి రాత్రికి రాత్రే ఆపరేషన్ చేయించానో అందులో ఉండేది కాదు. ఫోన్ చేయడమే అసలు నష్టం. డాక్టరు లైన్లోకి వచ్చే దాకా పట్టుకుని కూర్చున్న సమయంలో ఇంకో రెండు కేసులు అయిపోతాయి.

ఇప్పుడు ఈ లెక్కలోకి ఏఐని దించండి. అది ముందుగా ఏరేసేది తేలిక కేసులనే. 2022లో ఐరోపాలో ఒక సాఫ్ట్‌వేర్‌కు అనుమతి వచ్చింది. ఛాతీ ఎక్స్‌రేలో ఏ లోపమూ లేదని అది పూర్తి నమ్మకంతో తేల్చుకుంటే, డాక్టరు చూడకుండానే రిపోర్టు ఇచ్చేస్తుంది. వినడానికి బాగుంది. అయితే మాకు ఊపిరి తీసుకునే వీలిచ్చేవి ఆ నార్మల్ కేసులే. నాలుగు నార్మల్స్ మధ్య ఒక కష్టమైన కేసు వస్తే మెదడు తట్టుకుంటుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అన్నీ కష్టమైనవే వస్తూ, రేటు మాత్రం పాతదే ఉంటే, పని తగ్గిందని ఎవరంటారు? సమయం మిగిలితే దాన్ని ఇంకో పది కేసులతో నింపేవాళ్లే తప్ప, ఇంటికి వెళ్లి పడుకోమనేవాళ్లు లేరు.

జూనియర్ల సంగతి ఇంకా ముఖ్యం. ఏది నార్మలో తెలియాలంటే కొన్ని వేల నార్మల్స్ కంటితో చూడాలి, దీనికి దగ్గరి దారి లేదు. ప్రక్కటెముకల్లో పుట్టుకతో వచ్చే తేడాలు, చనుమొన నీడ, ఊపిరితిత్తి అంచున చర్మం మడత, ఇవన్నీ జబ్బుల్లాగే కనబడి కంగారుపెడతాయి. పది సార్లు కంగారుపడితేనే పదకొండోసారి నవ్వొస్తుంది. ఆ నార్మల్స్ అన్నీ యంత్రం మింగేస్తే పిల్లలు ఆ కంగారు ఎక్కడ పడతారు?

ఈ మధ్య మా రీడింగ్ రూమ్‌లో జరిగింది చెబుతాను. మొదటి ఏడాది కుర్రవాడు ఛాతీ ఎక్స్‌రే రిపోర్టు రాసి నాకు చూపించాడు. పొగతాగే అలవాటున్న నడివయసు మనిషిది, దగ్గు తగ్గడం లేదని తీశారు. సాఫ్ట్‌వేర్ కుడివైపు పైన ఒక చదరపు గీత గీసి పెట్టింది. కుర్రవాడు పాత ఎక్స్‌రే తీసి, ఆ మచ్చ అప్పుడూ అలాగే ఉంది, పాత మానిన గాయం, మార్పు లేదు అని శుభ్రంగా రాశాడు. రాసినంత వరకు ఒక్క తప్పు లేదు. నేను ఆ గీత చెరిపేసి, 'ఎడమవైపు డయాఫ్రమ్ గీత మీద వేలు పెట్టి వెన్నెముక దాకా తీసుకెళ్లు నాయనా' అన్నాను. ఊపిరితిత్తుల కింద ఉండే కండరం పొర అది. వేలు గుండె నీడ దగ్గరికెళ్లి సగంలో ఆగిపోయింది.

'ఇక్కణ్నించి కనబడటం లేదు మేడమ్.'

'ఎందుకు కనబడదు?'

కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే అన్నాడు, 'దాని పక్కన గాలి లేదు.' అని, వేలు అక్కడే ఉంచి, గుండె వెనక ముక్కోణంలా ఉన్న ఇంకో నీడ అంచు పట్టుకున్నాడు. పక్కన గాలి నిండిన ఊపిరితిత్తి ఉంటేనే ఆ గీత కనబడుతుంది, ఇక్కడ ఎడమ ఊపిరితిత్తి కింది భాగం ముడుచుకుపోయింది. అలా ముడుచుకుంటే గాలిగొట్టాన్ని లోపల ఏదో మూసేసిందేమోనని వెతకాలి. పొగతాగే మనిషిలో అది దేనికి గుర్తో వేరే చెప్పక్కర్లేదు. సీటీకి రాయించాం, వార్డు డాక్టరుకు ఫోన్ చేయించాను, ఆ ఫోన్ కూడా అతని చేతే. అంతా కలిపి అయిదారు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ కుర్రవాడు ఇక జన్మలో గుండె వెనక చూడకుండా సంతకం పెట్టడు.

అతను తెలివితక్కువవాడేం కాదు, మా బ్యాచిలో చురుకైనవాడు. ముందే ఒకచోట గీత గీసి ఉంటే కన్ను అక్కడికే పోతుంది, అదొక్కటే. ఇది కుర్రవాళ్ల జబ్బు కూడా కాదు. 2013లో అమెరికాలో ఒక సరదా ప్రయోగం చేశారు. ఊపిరితిత్తుల సీటీలో చిన్న గడ్డలు వెతకమని 24 మంది రేడియాలజిస్టులకిచ్చి, చివరి స్కాన్‌లో ఒక గొరిల్లా బొమ్మ ఇరికించారు. సగటు గడ్డకు 48 రెట్లుంది ఆ గొరిల్లా. 20 మందికి కనబడలేదు. గడ్డలు వెతకమన్నారు, గడ్డలే వెతికారు.

అంతకంటే సూటిగా మనకు తగిలేది 2023లో జర్మనీ వైద్యులు ప్రచురించింది. 27 మంది రేడియాలజిస్టులకు మామోగ్రామ్‌లిచ్చి, పక్కన ఏఐ అభిప్రాయం ఇదీ అంటూ ఒక జవాబు పెట్టారు. కొన్నిటికి కావాలనే తప్పు జవాబు పెట్టారు. జవాబు సరైనదైనప్పుడు అందరూ దాదాపు 80 శాతం సరిగా చెప్పారు. తప్పుదైనప్పుడు అనుభవం తక్కువున్నవాళ్లు 20 శాతానికి పడిపోయారు. బాగా అనుభవమున్న సీనియర్లు కూడా 45 శాతం దగ్గరే ఆగారు. ఇది చదివినప్పటి నుంచి మా రీడింగ్ రూమ్‌లో ఒక పద్ధతి పెట్టాం. జూనియర్ తన రిపోర్టు రాసి సేవ్ చేసేదాకా ఏఐ గీతలు కనబడకుండా ఆపేస్తాం. రాశాక తెరిచి పోల్చుకుంటాడు. అది పట్టి తను వదిలేసిందేదో, తను పట్టి అది వదిలేసిందేదో నోట్ చేసుకుంటాడు. పిల్లలకిది భలే నచ్చింది, యంత్రం మీద గెలిచిన రోజు టీ పార్టీ కూడా అడుగుతున్నారు. పైవాళ్లకే నచ్చలేదు. రెండుసార్లు చూస్తే సమయం ఎక్కువవుతోందట.

ఇప్పుడు రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. నేర్పగలిగిన సీనియర్లు ఇంట్లో కూర్చుని కేసు లెక్కన చదువుతున్నారు. నేర్చుకోవాల్సిన పిల్లవాడు ఆస్పత్రిలో ఒంటరిగా కూర్చున్నాడు, పక్కన మనిషికి బదులు ఒక చదరపు గీత ఉంది. అతని రిపోర్టును ఎక్కడో ఇంట్లో ఉన్న సీనియర్ సరిచేసి సంతకం పెట్టేస్తారు. ఏం మారిందో, ఎందుకు మారిందో అతనికి చెప్పేవాళ్లు లేరు, అతను మళ్లీ తెరిచి చూసుకుంటే తప్ప. నాలుగైదేళ్లు ఇలా గడిచాక అతనే కన్సల్టెంటు. ఏఐ తప్పు చెబితే పట్టుకోవాల్సింది అతనే, సంతకం కింద పేరు అతనిదే, కోర్టు మెట్లెక్కాల్సి వస్తే ఎక్కేదీ అతనే. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు కరపత్రంలో 'ఇది డాక్టరుకు సహాయకారి మాత్రమే, తుది నిర్ణయం డాక్టరుదే' అని చిన్న అక్షరాల్లో ముందే రాసి పెట్టుకున్నారు.

యంత్రం రాకూడదని నేను అనడం లేదు. మెదడులో రక్తస్రావం ఉన్న స్కాన్‌ను వరసలో వెనక పడిపోకుండా ముందుకు తోసేది నాకు కావాలి. ఊపిరితిత్తిలో పన్నెండు గడ్డలుంటే పన్నెండింటినీ కొలిచి, పోయినసారి కొలతల పక్కన వేసి ఇచ్చేది ఇంకా కావాలి. ఆ కొలతలతో నా మెడలు పట్టేశాయి. పాత స్కాన్లు, ఆపరేషన్ వివరాలు, బయాప్సీ రిపోర్టు ఏరి తెచ్చి ఒక పేరాలో పెట్టే సాధనాలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. పైన చెప్పిన ఆ క్యాన్సర్ కేసు లిస్టు అడుగున పడి ఉండకూడదంటే మందు అదే.

చేరాలనుకునే పిల్లలకు ఏం చెప్పాలంటే, చీకటి గదిలో ఒక్కళ్లమే కూర్చోవచ్చు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు అనుకుని వచ్చేవాళ్లే ముందు ముందు ఇబ్బంది పడతారు. బొమ్మను చూసి వాక్యాలు రాయడం వరకే పని అనుకుంటే, అందులో యంత్రం ఏటేటా ఇంకాస్త ముందుకొస్తూనే ఉంటుంది. రక్తనాళంలోకి సూది పోనిచ్చి ఆగని రక్తస్రావాన్ని ఆపే ఇంటర్వెన్షనల్ వాళ్లు, రొమ్ము బయాప్సీ చేసి ఆవిడ చేయి పట్టుకుని ఫలితం చెప్పేవాళ్లు, క్యాన్సర్ కేసుల మీద డాక్టర్లంతా కూర్చుని చర్చించే ట్యూమర్ బోర్డులో సర్జన్‌తో 'ఇది కోయడం కుదరదు' అని ఎదురుగా వాదించేవాళ్లు, వీళ్ల గురించి నాకే టెన్షనూ లేదు. మనుషుల మధ్య జరిగే ఈ పనే మా వృత్తిలో సగం. మీ వ్యాసం దాన్ని 'తలనొప్పి' అంది.

సీటు ఎంచుకునే ముందు జీతాల పట్టిక చూడటం మామూలే, నేనూ వద్దనను. దాంతో పాటు ఆ డిపార్ట్‌మెంటులో రెండో ఏడాది చదువుతున్న పిల్లల్ని పట్టుకుని అడగండి. రాత్రి డ్యూటీలో అనుమానం వస్తే ఎవరిని అడుగుతారు, ఆ మనిషి గదిలో ఉంటాడా, ఫోన్లో ఉంటాడా, ఫోనైనా ఎత్తుతాడా? మీ రిపోర్టు సరిచేస్తే ఎందుకని చెబుతారా? ఏఐ జవాబు మీకు ముందు కనబడుతుందా, తర్వాతా? ఈ జవాబులు ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకవు, క్యాంటీన్‌లో దొరుకుతాయి.

ఆస్పత్రులు నడిపేవాళ్లు మీ పత్రిక చదువుతారు కనుక వాళ్లకూ ఒక మాట. ఇంటి నుంచి చదివే సౌకర్యం తీసేయమని ఎవరూ అడగడం లేదు. తీసేస్తే ఉన్న ఆడపిల్లల్లో సగం మంది మానేస్తారు, ముందు నేనే మానేస్తాను. వారంలో కొన్ని రోజులు ప్రతి సీనియరూ రీడింగ్ రూమ్‌కు రావాలి, వచ్చిన రోజు కేసుల లెక్క అడగకూడదు, అంతే. మా దగ్గర మేం అడిగింది ఇంకా చిన్నది. వర్క్‌లిస్ట్‌లో సీటీ, ఎంఆర్ఐ, ఎక్స్‌రే అన్న పద్దులతో పాటు 'నేర్పడం' అని ఇంకో పద్దు పెట్టండి, దానికీ రేటు కట్టండి అని నలుగురం సంతకాలు పెట్టి ఇచ్చాం. పరిశీలిస్తామన్నారు. ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు.

ఇట్లు,
ఒక రేడియాలజిస్టు
(పేరు ప్రచురించవద్దని మనవి)